ఖాళీ ట్యాంకు ఊదిన గాలి

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక కూడా నమ్ముతున్నానని ఎవరూ అనుకోవద్దు. హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మా అమ్మ కర్మకాండ రోజున కాకి పిండం ముట్టలేదని అందరూ కంగారు పడుతుంటే, "దానికి ఆకలి లేదేమో, కాసేపు ఆగండి" అన్నదాన్ని నేనే. ఒంటి మీద బల్లి పడిందని పంచాంగం తిరగేసేవాళ్ళను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే, జరిగింది పట్టపగలు, నా కళ్ళెదుట. అప్పుడు నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయిపోయి, చూపు పడుచుదనంలోకంటే బాగుంది. చూసింది చూసినట్టు రాస్తాను. మీకేమైనా కారణం తోస్తే మంచిదే.

విజయవాడలో ఆటోనగర్ దాటాక మాకొక పచ్చళ్ళ షెడ్డు ఉంది. పెట్టింది మా తోడికోడలు. మా బావగారి భార్య, నాకు అక్కయ్య. ఇంటి వరండాలో రెండు జాడీలతో మొదలుపెట్టి, షెడ్డు దాకా తెచ్చింది. బావగారు పోయాక కూడా ఆపలేదు. నేను రిటైరయ్యాక, "స్కూలు పిల్లల లెక్కలు దిద్దింది చాలు, ఇకనుంచి నావి దిద్దు" అని నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

అక్కయ్య దగ్గర ఒకటే శాసనం. తడి పనికిరాదు. పచ్చడికి తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆవిడ దాన్ని ఫ్యాక్టరీ చట్టం చేసింది. గరిటెలు ఎండలో పెట్టాలి. పనివాళ్ళు చేతులు కడుక్కుని, పొడిబట్టతో తుడుచుకుని, బడిపిల్లల్లా రెండు అరచేతులూ ఆవిడకు చూపించి లోపలికి వెళ్ళాలి. గుణదల నుంచి వచ్చే మేరీ అందరికంటే పాతమనిషి. వరండా రోజుల నుంచీ ఉంది. ఆమె కూడా చేతులు చూపించాల్సిందే.

"ఇన్నేళ్ళయింది, ఇంకా నా చేతుల మీద నమ్మకం కుదరలేదాండీ పెద్దమ్మగారూ?" అనేది మేరీ.

"నీ మీద నమ్మకమేనే. నీ వేళ్ళ సందుల మీద లేదు," అనేది అక్కయ్య.

ఆ తరవాత యంత్రాలు వచ్చాయి. చాలామంది యంత్రమంటే కరెంటుతో తిరుగుతుందనుకుంటారు. మా షెడ్డులో కరెంటు చేసే పని ఒక్కటే, కంప్రెసర్‌ను తిప్పడం. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, అదిమి, పెద్ద ఇనప ట్యాంకులో నింపుతుంది. అక్కడి నుంచి గొట్టాల్లో వచ్చే ఆ గాలే మిగతా పనంతా చేస్తుంది. సీసాలోకి కొలత ప్రకారం పచ్చడి నెట్టేది గాలి. మూత బిగించేది గాలి. అన్నిటికంటే ముందు, ఖాళీ సీసాను ఒక సన్నని గొట్టం మీద బోర్లించి, కింద పెడల్ తొక్కితే లోపల దుమ్ము లేకుండా ఊదేది కూడా గాలే. పచ్చడి కంటే ముందు సీసాను తాకేది అదన్నమాట. దాని అరచేతులు చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

కంప్రెసర్ వచ్చినప్పటి నుంచి అక్కయ్య పొద్దున పూజలో ఒక కొత్త తంతు చేరింది. షెడ్డు తలుపు తీయగానే నేరుగా కంప్రెసర్ గదిలోకి వెళ్ళేది. ట్యాంకు అడుగున ఒక చిన్న కుళాయి ఉంది. దాన్ని మూడుసార్లు తిప్పి కట్టేసేది. ష్... ష్... ష్... అని మూడుసార్లు చప్పుడయ్యేది. కింద చెంబులో పడ్డ నీళ్ళు తీసుకెళ్ళి గేటు పక్కన పారబోసి, యంత్రానికి బొట్టు పెట్టి, దీపం వెలిగించి, గంట కొట్టేది. మేమంతా దాన్ని దిష్టి తీయడం అనుకున్నాం. మూడుసార్లు, గేటు పక్కన నీళ్ళు, తరవాత దీపం. ఇంకేం అనుకుంటాం? నేనైతే ఆ చాదస్తాన్ని చూసి లోపల నవ్వుకునేదాన్ని. అదెందుకని ఆవిడను ఎవరూ అడగలేదు. అడగకపోతే చెప్పే మనిషి కాదు.

రెండేళ్ళ కిందట, శివరాత్రి వెళ్ళాక అక్కయ్య పోయింది. నిద్రలోనే. ఇంటి పెద్ద పోయింది కాబట్టి మా ఆచారం ప్రకారం ఏడాదిపాటు పండగలు లేవు, పూజలు లేవు. షెడ్డులో కూడా దీపం ఆపేశాం. దీపంతోపాటు గంట, గంటతోపాటు బొట్టు, బొట్టుతోపాటు ఆ కుళాయి తిప్పడం. అన్నీ ఒకే మూటలో కట్టి అటక మీద పెట్టేశాం.

షెడ్డు బాధ్యత ఆవిడ కొడుకు కిరణ్ తీసుకున్నాడు. నన్ను పిన్నీ అంటాడు. చురుకైనవాడు. హైదరాబాదులో దుకాణాలున్న ఒక పెద్ద సంస్థతో మాట్లాడి ఆర్డరు తెచ్చాడు. సీసాల మీద అక్కయ్య ఫోటో వేయించాడు. ఆ సరుకు బయల్దేరిన రోజున నేను కూడా మురిసిపోయాను.

వానలు పడ్డాక సరుకు తిరిగొచ్చింది. గోంగూరలో, టమాటాలో మూత కింద బూజు. తెల్లని బూజు పట్టిన సీసా మీద అక్కయ్య నవ్వుతున్న ఫోటో. ఆ సీసాను చేతిలోకి తీసుకుని నేను చాలాసేపు దించలేకపోయాను. ఆ సంస్థవాళ్ళు ఒక్క అవకాశం ఇచ్చారు. కారణం కనిపెట్టి సరిచేయాలి. వాళ్ళ మనిషి వచ్చి షెడ్డు చూస్తాడు. అప్పుడు కూడా కుదరకపోతే ఆర్డరు రద్దు. అదే జరిగితే షెడ్డు అమ్మేస్తానన్నాడు కిరణ్.

కారణం అతనికి అప్పుడే దొరికింది కూడా. సీసాలు ఊదేదీ, నింపేదీ మేరీ. బూజుకు కారణం తడి. కాబట్టి మేరీ తడి చెయ్యి. అమ్మ ఉన్నప్పుడు భయం ఉండేది, ఇప్పుడు లేదు అన్నాడు. పరీక్షకు మనిషి రాకముందే మేరీని తీసేసి, కారణం తొలగించామని రాసి పంపుదామన్నాడు.

"మేరీ సెలవులో ఉన్న వారం నింపినవాటికి కూడా బూజు పట్టిందిగా?" అన్నాను.

"ఆమెను చూసి మిగతావాళ్ళూ అలాగే తయారయ్యారు. పిన్నీ, నువ్వు లెక్కలు చూసుకో. మనుషుల సంగతి నేను చూసుకుంటా."

"మనుషుల సంగతీ లెక్కేరా. ఆధారం చూపించు, అప్పుడు పంపిద్దువుగాని."

సోమవారం దాకా గడువిచ్చాడు. ఈ మాటలు గుమ్మంలో నిలబడి మేరీ వింది. ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ చాపింది. కారం ఇంకి ఇంకి ఎర్రబారిన చేతులు. "పెద్దమ్మగారికి చూపించిన చేతులే ఇయ్యి టీచరమ్మగారూ. మీరు కూడా ఓసారి చూడండి," అంది. చూశాను. వేళ్ళ సందులతో సహా పొడిగా ఉన్నాయి.

ఇక అసలు సంగతి.

శనివారం మధ్యాహ్నం. సరుకు తిరిగొచ్చిన దగ్గర్నుంచి నింపే పని ఆగిపోయింది. కంప్రెసర్ ఆడించి చాలా రోజులైంది. ట్యాంకులో గాలి ఎంతుందో చెప్పే మీటరు ముల్లు సున్నా మీద ఉంది. గొట్టాల్లోకి గాలి వదిలే పెద్ద వాల్వు కూడా మూసే ఉంది. ఇవన్నీ అంతకుముందే నేను చూశాను. దేని కోసమో తెలియకుండానే షెడ్డులో ప్రతి వస్తువునూ పరీక్షిస్తున్నాను కాబట్టి చూశాను. పైగా ఆ పూట కరెంటు కూడా లేదు.

ఆడవాళ్ళంతా బయట రేకుల కింద అన్నాలు తింటున్నారు. నేను ఒక్కదాన్నే లోపల, నింపే బల్ల దగ్గర ఉన్నాను. ఏడు ఖాళీ సీసాలు తీసుకుని, ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడిచి, కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. అన్నీ శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. ఆరు బల్ల మీద పెట్టాను. ఏడోదానికి చోటు చాలక, ఊదే గొట్టం మీద బోర్లించాను. అంతే నేను చేసింది. పెడల్ నా కాలికి దూరంగా, బల్లకు అవతలి వైపు ఉంది.

ష్.

బోర్లించిన సీసా గొట్టం మీద చిన్నగా అదిరింది. నేను కదల్లేదు.

ష్. కాస్త ఆగి, మళ్ళీ ష్.

మూడుసార్లు. మధ్యలో అంతే విరామం. ఆ విరామం నాకు తెలుసు. కొన్నేళ్ళపాటు రోజూ పొద్దున విన్న చప్పుడు అది. నేను నా బల్ల దగ్గర కూర్చుని నవ్వుకున్న చప్పుడు.

భయం వేసిందా అని అడుగుతారు. వేసింది. కానీ, "ఎవరదీ?" అని అరవలేదు. నలభైమంది పిల్లలున్న క్లాసులో ఎక్కడి నుంచో చప్పుడొస్తే ముందు చప్పుడును కాదు, పిల్లల ముఖాల్ని చూడాలి. అది నాకు అలవాటు. కాబట్టి సీసా తీసి చూశాను.

లోపల అంతా సన్నని తుంపర. పొద్దున గడ్డి మీద మంచులాగా. వేలు పెట్టి తుడిచి వాసన చూశాను. ఇంజను నూనె వాసన, తుప్పు వాసన. బల్ల మీద ఉన్న ఆరు సీసాలూ మళ్ళీ వెలుగుకు పెట్టి చూశాను. ఆరూ పొడిగా ఉన్నాయి.

తడి చెయ్యి మేరీది కాదు. గాలిది.

ఆ మాట పైకే అనేశాననుకుంటాను. కంప్రెసర్ గదిలోకి నడిచాను. ముల్లు సున్నా మీదే ఉంది. వాల్వు మూసే ఉంది. వంగి చూస్తే ట్యాంకు అడుగున ఆ చిన్న కుళాయి. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నా చేత కాలేదు. అన్నం తింటున్న మేరీని కేకేశాను. చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే వేళ్ళ సందులు తుడుచుకుంటూ వచ్చింది. పానా పెట్టి తిప్పింది.

నీళ్ళు. తుప్పురంగు నీళ్ళు, పైన పాలలాంటి తెట్టె. చెంబు నిండింది. బకెట్ తెచ్చాం. బకెట్ నిండింది. ఇంకో బకెట్ తెచ్చాం. బయట అన్నాలు తింటున్నవాళ్ళంతా చేతులు కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అన్ని నెలలుగా గాలిలోంచి పిండిన నీరు ఆ ట్యాంకు కడుపులో కూర్చుంది. కంప్రెసర్ ఆడినప్పుడల్లా అది గాలితోపాటు తుంపరగా వచ్చేది. శుభ్రమైన ప్రతి సీసానూ మా చేతులతోనే మేం తడిపి, ఆ తడి మీద పచ్చడి నింపాం.

కిరణ్‌ను పిలిపించాం. వచ్చాడు. మేరీ రెండో బకెట్‌ను రెండు చేతులతో ఎత్తి అతని బూట్ల ముందు పెట్టింది.

"ఇదిగోండి బాబుగారూ, నా తడి చెయ్యి. ఈసారి తూకం వేయించి మరీ చూసుకోండి."

షెడ్డంతా గొల్లున నవ్వింది. కిరణ్ ముఖం చూసి నాకు కూడా నవ్వాగలేదు. అక్కయ్య పోయాక ఆ షెడ్డులో నవ్వు వినడం అదే మొదలు.

కంప్రెసర్‌ను మాకు ఏర్పాటు చేసిన ఆటోనగర్ మెకానిక్ మస్తాన్‌ను ఆ సాయంత్రమే పిలిచాం. బకెట్లు చూసి తల కొట్టుకున్నాడు.

"కొన్న రోజే పెద్దమ్మగారికి చెప్పానండీ. అదిమిన గాలిలోంచి నీళ్ళు దిగుతాయమ్మా, రోజూ పొద్దున్నే కొంచెం కొంచెంగా మూడుసార్లు వదలండి అని. ఎప్పుడూ మర్చిపోనులే మస్తానూ, దేవుడికి దీపం పెట్టే ముందు పెట్టుకుంటా అన్నారు."

మర్చిపోలేదు కూడా. మర్చిపోయింది మేం. పూజ అనుకుని, మైల పేరు చెప్పి ఆపేశాం.

"మాకు మైల లేదు కదండీ," అంది మేరీ. "నాతో ఒక్క మాట చెప్పుంటే నేనే తిప్పేదాన్ని. యేసయ్య ఏమీ అనుకునేవాడు కాదు."

తరవాతి పని చకచకా జరిగింది. గాలిలో తేమ తీసే యంత్రం ఒకటి, నూనె తుంపర పట్టే వడపోత ఒకటి పెట్టించాం. గొట్టాలన్నీ విప్పి శుభ్రం చేయించాం. నీళ్ళు వాటంతట అవే దిగిపోయే ఏర్పాటు కూడా ఉందన్నాడు మస్తాన్. వద్దన్నాను. కుళాయి చేత్తోనే తిప్పాలి, పొద్దున్నే, తలుపు తీయగానే. ఆ తరవాత దీపం కూడా మళ్ళీ పెట్టాలన్నాను. ఏడాది పూర్తికాకుండా షెడ్డులో దీపమేమిటని బంధువుల్లో ఒకావిడ అడిగింది. మైల మనుషులకు గానీ గాలికి కాదన్నాను.

కొత్తగా పచ్చడి నింపిన రోజున, మొదటి సీసా ఎవరు నింపాలన్న ప్రశ్న వచ్చింది. ఎప్పుడూ అక్కయ్యే నింపేది. కిరణ్ సీసా తీసి మేరీ చేతిలో పెట్టాడు. మేరీ వెంటనే నింపలేదు. తన అరచేతులు అతనికి చూపించి, ఆ తరవాత, "మీయి కూడా చూపించండి," అంది. అతను చూపించాడు. వాళ్ళమ్మ ముందు కూడా అంత బుద్ధిగా చూపించి ఉండడు.

పరీక్షకు వచ్చినాయన పొట్టిగా, ముభావంగా ఉన్నాడు. నెత్తికి టోపీ పెట్టుకుని ప్రతి మూలా చూశాడు. చివరికి ఊదే గొట్టం దగ్గర ఆగి, జేబులోంచి ఒక చిన్న అద్దం తీసి గాలికి అడ్డంగా పట్టాడు. పెడల్ తొక్కమన్నాడు. అద్దం తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తెల్లబట్టతో తుడిచి బట్ట చూశాడు. అద్దం మీద చుక్క లేదు, బట్ట మీద మచ్చ లేదు.

"ఇక్కడ గాలి సంగతి ఎవరు చూసుకుంటారు?" అన్నాడు.

"మేరీగారండీ," అన్నాడు కిరణ్.

గారు. ఆ మాట షెడ్డులో అందరికీ వినిపించింది. ఆయన వెళ్ళిపోయాక మేరీ నా చెవిలో, "ఈ గారు ఎన్నాళ్ళుంటదో చూద్దాం టీచరమ్మగారూ," అంది. ఈ రోజుకీ ఉంది.

ఆర్డరు నిలబడింది. ఆ వానాకాలం దాటింది, ఇంకో వానాకాలం కూడా దాటింది. బూజని ఒక్క సీసా వెనక్కి రాలేదు. షెడ్డు అమ్మలేదు సరికదా, పక్క షెడ్డు కూడా తీసుకున్నాం. సీసాల మీద అక్కయ్య అలాగే నవ్వుతోంది. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే నాకు బాగుంటుంది.

ఇక మిగిలింది ఆ మూడు చప్పుళ్ళు.

మస్తాన్‌ను కూర్చోబెట్టి అడిగాను. ముల్లు సున్నా మీద ఉంటే ఆ గొట్టం ఊదుతుందా?

"చీమను కూడా ఊదలేదమ్మా."

గొట్టాల్లో ఇరుక్కున్న పాత గాలి?

"ఉన్నా ఒక్కసారి ఫుస్సుమంటుంది. అంతే. మూడుసార్లు ఎట్టా వస్తది? అదీ పెడల్ తొక్కకుండా!"

మీటరు చెడిపోయి ఉండొచ్చన్నాను. విప్పి చూశాడు. బాగుంది. పెడల్ స్ప్రింగు జారి ఉండొచ్చన్నాను. అదీ బాగుంది. నేను అంతటితో వదిలే మనిషిని కాదు. తేమ తీసే యంత్రం పెట్టకముందే, కంప్రెసర్ ఆపించి, వాల్వు మూయించి, అదే బల్ల మీద అలాగే ఏడు సీసాలు పెట్టి, ఏడోది గొట్టం మీద బోర్లించి, మధ్యాహ్నాలు ఎదురుచూశాను. ఒక్కసారి కూడా ఊదలేదు. సీసా పొడిగానే ఉంది. నా మనసే ఆ చప్పుడు కల్పించుకుందంటారా? అనండి. కానీ, సీసాలో తుంపరను మనసు కల్పించలేదు. మేరీకి చూపించాను. ఆమె కూడా వేలితో తుడిచి వాసన చూసింది.

మేరీకి ఏ సందేహమూ లేదు. పెద్దమ్మగారు అంటుంది. కిరణ్ రోజూ పొద్దున కుళాయి తిప్పే వేళకు వచ్చి నిలబడతాడు. నేను మాత్రం నమ్మననే అంటున్నాను. నమ్మకుండానే, రెండేళ్ళుగా దీనికి కారణం వెతుకుతున్నాను. దొరకలేదు.

లెక్కల టీచరుగా నాకొక చెడ్డపేరుండేది. జవాబు సరిగ్గా వచ్చినా, ఎలా వచ్చిందో మెట్టు మెట్టుగా రాయకపోతే సున్నా వేసేదాన్ని. ఎంతమంది పిల్లలు ఏడ్చినా, తల్లిదండ్రులు వచ్చి అడిగినా మార్చలేదు.

ఈ ఒక్క లెక్కకు మాత్రం మెట్లు అడగడం మానేశాను. పూర్తి మార్కులు వేశాను.